బస్తీ వీధిలో వేగం ఎంత ఉండాలి?

(రహదారి భద్రతపై హైదరాబాద్ పాతబస్తీ పౌర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు, ఉర్దూ పాఠశాలల దుస్థితి చర్చకు వస్తుంటాయి. అవన్నీ రావలసినవే. వాటి సరసన ఈ రోజు మేము ఎంచుకొన్న విషయం చిన్నదిగా కనిపించవచ్చు. మన వీధులలో వాహనాల వేగం గురించి మేము మాట్లాడదలిచాము. ఉపకార వేతనం అందుకోవలసిన బాలిక ముందు బడికి క్షేమంగా చేరాలి. వక్ఫ్ భూమి కోసం పోరాడే పెద్దమనిషి ఫజ్ర్ నమాజు ముగించుకొని చీకటిలో రోడ్డు దాటి ఇంటికి రావాలి. ప్రాణానికే భద్రత కరవైన చోట మిగిలిన హక్కులు కాగితం మీదనే ఉండిపోతాయి. అందుకే దీనిని మేము హక్కుల సమస్యగానే మీ ముందు ఉంచుతున్నాము.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. వీరిలో 32,825 మంది కేవలం కాలినడకన పోతున్నవారు, అంటే రోజుకు దాదాపు 90 మంది. ద్విచక్ర వాహనాలపై పోతూ మరణించినవారు మొత్తం మృతులలో 44 శాతానికి పైగా ఉన్నారు. కారులో కూర్చున్నవారి కంటే నడిచేవారు, స్కూటరు మీద పోయేవారు ఎక్కువగా చనిపోతున్నారు. మన బస్తీలలో అధిక సంఖ్యాకులు ఏ వర్గానికి చెందుతారో మీకు చెప్పనవసరం లేదు. అదే నివేదిక మృతులలో 71 శాతం మంది అతివేగం వల్ల చనిపోయారని కూడా చెబుతున్నది.

వేగం ఎందుకు అంతగా ప్రాణాలు తీస్తున్నదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా ముందుకు పోతుంది. గంటకు 50 కిలోమీటర్లయితే దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుంది. ఒక పిల్లవాడు హఠాత్తుగా ఆగివున్న ఆటో చాటు నుంచి రోడ్డు మీదికి వచ్చాడనుకొందాం. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద వేసేసరికి కనీసం ఒక సెకను గడుస్తుంది. 30 వేగంలో ఉన్న వాహనం మంచి రోడ్డు మీద, మంచి బ్రేకులతో సుమారు పదమూడు మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50 వేగంలో ఉన్న వాహనం ఆ పదమూడు మీటర్లు దాటేసరికి ఇంకా వేగం తగ్గించడమే మొదలుపెట్టి ఉండదు. అంటే మొదటి వాహనం ఆగిపోయిన చోట రెండవ వాహనం పూర్తి వేగంతో ఆ బిడ్డను ఢీకొంటుంది. పైగా వేగం 30 నుంచి 50కి పెరిగితే ఆ దెబ్బలోని శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

నెమ్మదిగా పోతే మనం పోగొట్టుకొనేది ఎంత? ఒక కిలోమీటరు బస్తీ దారిని 50 వేగంతో దాటితే 72 సెకన్లు పడుతుంది, 30 వేగంతో దాటితే 120 సెకన్లు. తేడా 48 సెకన్లు. అదికూడా దారి ఖాళీగా ఉన్నప్పుడే. ఒక నిండు ప్రాణానికి, నిమిషమైనా లేని ఆ కాలానికి మధ్య ఏది బరువైనదో ఏ తల్లినైనా అడగండి.

సోదరులారా, మన నగరం నడిచేవారి కోసం పుట్టిన నగరం. 1591లో చార్మినార్‌ను నడిబొడ్డున నిలిపి నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు వేసినప్పుడు ఆ దారులలో సాగినవి మనుషుల అడుగులు, గుర్రాలు, పల్లకీలు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరాభివృద్ధి మండలి, పత్థర్‌గట్టిని నిర్మించినప్పుడు దుకాణాల ముందు రాతి కమానులతో వరండాలు కట్టించింది. కొనుగోలుకు వచ్చినవారు ఎండావానలకు తడబడకుండా నీడలో నడవాలన్నది ఆ నిర్మాణంలోని ఆలోచన. నూరేళ్ళ క్రితమే నడిచే మనిషికి ఇంత గౌరవం ఇచ్చిన నగరంలో, నేడు అదే మనిషి రోడ్డు దాటడానికి చేయి పైకెత్తి ప్రాధేయపడవలసి వస్తున్నది.

2009 నుంచి పాతబస్తీ చుట్టూ వంతెనలు చాలా వచ్చాయి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. తర్వాత ఓవైసీ కూడలి, బహదూర్‌పురా, చాంద్రాయణగుట్ట వంతెనలు, 2025 ఆరంభంలో ఆరాంఘర్–జూపార్క్ వంతెన వచ్చాయి. దూరప్రయాణికులకు వీటివల్ల మేలు కలిగిందని మేము నిస్సంకోచంగా అంగీకరిస్తాము. అయితే వంతెన మీద పోయేవారికి బస్తీ అంటే కిటికీలో క్షణకాలం కనిపించి మాయమయ్యే దృశ్యం మాత్రమే. వంతెన దిగిన చోట వాహనం ఆ పైవేగంతోనే బస్తీలోకి ప్రవేశిస్తుంది. కూరగాయల సంచితో నిలబడిన స్త్రీకి, బడి సంచీ మోసే పిల్లవాడికి అక్కడ దాటే దారి ఉండదు. కోట్లు వెచ్చించి పైన వేగాన్ని నిర్మించినవారు, కింద నెమ్మదిని నిర్మించడానికి అందులో కొద్ది భాగమైనా వెచ్చించాలని కోరడం న్యాయం కాదా?

రెండవ పరిష్కారంగా వినిపించేది రోడ్డు వెడల్పు. ఆ మాట వినగానే మన గుండెలు దడదడలాడతాయి. తాతల నాటి దుకాణం ముఖభాగం, మస్జిద్ ప్రహరీ, ఆషూర్‌ఖానా గోడ, ఖబ్రస్తాన్ అంచు కొలతల కిందికి వస్తాయి. మెట్రో వంటి ప్రజా రవాణాకు స్థలం అవసరమైన చోట న్యాయమైన పరిహారంతో, సంప్రదింపులతో మాట్లాడవచ్చు. కానీ కేవలం వాహనాలు ఇంకా వేగంగా పోవడానికే గోడలు కూల్చితే, ఆ వీధి దాటడం ఇంకా కష్టమవుతుంది. దాటవలసిన దూరం పెరుగుతుంది, ఎదురువచ్చే వేగమూ పెరుగుతుంది. ఇల్లు పోగొట్టుకొన్నవాడే ఆ తర్వాత ప్రాణభయంతో రోడ్డు దాటవలసి వస్తుంది.

మూడవ పరిష్కారం శిక్ష. చలాన్లు, నాకాబందీలు, వాహనాల జప్తులు. చట్టం ఉల్లంఘించినవానికి జరిమానా ఉండవలసిందే. అయినా ఈ మార్గం మీదనే ఆధారపడితే మనకు ఏమి అనుభవంలోకి వస్తుందో ఈ సభలోని యువకులకు తెలుసు. కొన్నేళ్ళ క్రితం పాతబస్తీలో రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న, వీధులలో తిరుగుతున్న కుర్రవాళ్ళను పోలీసులు పట్టుకుపోయి కౌన్సెలింగ్ ఇచ్చిన ‘చబుత్రా’ కార్యక్రమం పెద్ద వివాదమైంది. భద్రత పేరిట ఒక ప్రాంతపు యువకులందరినీ అనుమానంగా చూడడం మొదలైతే, ఆ భద్రతను ప్రజలు తమదిగా భావించరు.

అందుకే మేము నాలుగవ మార్గాన్ని కోరుతున్నాము. వీధి రూపమే వేగాన్ని నియంత్రించాలి. సరిగా కట్టిన స్పీడ్ బ్రేకరు ఎవరి పేరూ అడగదు. టోపీని చూడదు, గడ్డాన్ని చూడదు, కారు ఖరీదును చూడదు. మంత్రిగారి వాహనమైనా, డెలివరీ కుర్రవాడి బైకైనా దాని ముందు ఒకే తీరున నెమ్మదించవలసిందే. పోలీసు లేని అర్ధరాత్రి కూడా అది తన పని తాను చేస్తుంది. లాఠీ కంటే రాయి నిష్పక్షపాతమైనదని మేము అందుకే అంటున్నాము.

ఇది సాధ్యమేనా అని కొందరు సందేహించవచ్చు. నెదర్లాండ్స్ దేశం నేడు సైకిళ్ళకు పేరుపొందింది. కానీ 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద 3,000 మందికి పైగా మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. కుమార్తెను పోగొట్టుకొన్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడు 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే శీర్షికతో వ్యాసం రాశారు. తల్లిదండ్రులు అదే నినాదంతో ఉద్యమించారు. పిల్లలతో కలిసి వీధులలో బైఠాయించారు. 1976లో అక్కడి ప్రభుత్వం నివాస వీధులకు కొత్త చట్టరూపం ఇచ్చింది. అటువంటి వీధిలో నడిచేవారికి, ఆడుకొనే పిల్లలకు ప్రాధాన్యం. వాహనం అతిథి మాత్రమే. వీధి నిలువునా నేరుగా పోకుండా మొక్కల తొట్లు, వంపులు, ఎత్తయిన దాటు దారులు ఏర్పరిచారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ దేశంలో రోడ్డు మరణాలు ఏడాదికి 700 అటూ ఇటూగా ఉంటున్నాయి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో సగానికి పైగా వీధులలో గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లు. 2024 జూలై నుంచి ఏడాది పాటు ఆ నగరంలో ఒక్క రోడ్డు మరణమూ సంభవించలేదు. వారు మనకంటే సంపన్నులు, నిజమే. కానీ వారి మార్పుకు మూలం ధనం కాదు, తమ పిల్లల మరణాన్ని విధిరాతగా అంగీకరించబోమన్న తల్లిదండ్రుల పట్టుదల.

మన దేశంలోనూ ఉదాహరణ ఉన్నది. ఢిల్లీ చాందినీ చౌక్‌ను 2021లో పునర్నిర్మించి, ఉదయం 9 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు మోటారు వాహనాలు నిషేధించారు. మన చార్మినార్ చుట్టూ కూడా పాదచారుల ప్రాంతం ఏర్పడింది. రాతి పలకల మీద పిల్లలు పరుగెడుతుంటే తల్లులు భయపడకుండా నిలబడి ఉండడం మనమంతా చూస్తున్నాము. పర్యాటకుడికి దక్కిన ఆ నిశ్చింత యాకుత్‌పురా, తలాబ్‌కట్టా, కిషన్‌బాగ్ గల్లీలోని బిడ్డకు కూడా దక్కాలన్నదే మా కోరిక.

చట్టం మన పక్షాన ఉన్నది. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం, ప్రజా భద్రత కోసం నిర్దిష్ట ప్రాంతంలో వేగ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. 2023లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ కాలనీ రోడ్లపై అన్ని వాహనాలకూ 30 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని నిర్ణయించింది. కాబట్టి మనం కొత్త వరమేదీ అడగడం లేదు. ఉన్న నిబంధన బోర్డుగా, రోడ్డు రూపంగా మన గల్లీకి రావాలని అడుగుతున్నాము. 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, నిర్ణీత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి ప్రాణనష్టానికి కారకులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్‌ను ఉపయోగించుకొనే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది.

ఫుట్‌పాత్ మాట రాగానే మనలో మరొక ఆందోళన కలుగుతుంది. నడిచేవారి హక్కు పేరిట తోపుడు బండ్లను తొలగిస్తారేమోనన్న భయమది. ఇది నిరాధారమైన భయం కాదు. ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారాలలో ఉన్నారని, జాతీయ సగటు 8 శాతం కంటే తక్కువేనని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వ్యాపారులను ఖాళీ చేయించరాదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం స్థానాలు వారి ప్రతినిధులకే ఉండాలి. నడిచేవాడూ బండివాడూ ఒకరికొకరు శత్రువులు కారు. బండి దగ్గర కొనేవాడు నడిచి వచ్చేవాడే. ఇద్దరినీ అంచుకు నెట్టివేస్తున్నది వేగంగా పోయే వాహనం, అడ్డదిడ్డంగా నిలిపిన వాహనం. ఆ రెంటినీ అదుపు చేస్తే ఇద్దరికీ చోటు ఉంటుంది.

ఇక మన బాధ్యత. ఇతరులను అడిగే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. షబె మేరాజ్, షబె బరాత్ వంటి జాగరణ రాత్రులలో ఆరాధనలో గడపవలసిన సమయాన్ని కొందరు కుర్రవాళ్ళు బైకు పందేలకు వాడుతున్నారు. అందువల్లనే ఆ రాత్రులలో వంతెనలు మూసివేయవలసి వస్తున్నది. అది మనకు గౌరవప్రదమా? మీసం రాని పిల్లవాడి చేతికి తాళం ఇచ్చి మురిసిపోయే తండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి. 199ఎ సెక్షన్ కింద మైనరు నేరానికి తల్లిదండ్రికి గాని, వాహన యజమానికి గాని మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు. జుమా రోజున మస్జిద్ ముందు మూడు వరుసలుగా బండ్లు నిలిపి దారి మూసివేయడం కూడా మనం మానుకోవాలి. దారిలో నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని మన ప్రవక్త (స) బోధించారు. దారుల పక్కన కూర్చునేవారు దారికి దాని హక్కు చెల్లించాలని, ఎవరికీ హాని కలిగించకుండా ఉండడం అందులో ఒకటని కూడా ఉపదేశించారు. దారికే హక్కు ఉన్నదని నమ్మే మనం, ఆ దారిలో పోయే మనిషి హక్కును విస్మరించగలమా?

మరొక జాగ్రత్త. చాలా బస్తీలలో జనం విసిగిపోయి తామే సిమెంటు కలిపి రోడ్డుకు అడ్డంగా గట్టు వేస్తుంటారు. వారి ఆవేదన అర్థమవుతుంది. కానీ ఆ నిటారు గట్టు మీద ఆటోలోని గర్భిణీ స్త్రీ నడుము అదురుతుంది, రంగు లేకపోవడంతో రాత్రి స్కూటరు పల్టీ కొడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం వేరు. వాహనం పోయే దిశలో 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రని వంపు. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా పోవచ్చు, అంతకు మించితేనే అది హెచ్చరిస్తుంది. తెల్ల చారలు, ముందు హెచ్చరిక బోర్డు తప్పనిసరి.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఒకటి, ప్రతి బడి, మదర్సా, ప్రార్థనాలయం, ఆసుపత్రి ఉన్న వీధిలో 30 కిలోమీటర్ల బోర్డు, ప్రమాణాల మేరకు స్పీడ్ బ్రేకర్లు. గుడి ముందైనా, చర్చి ముందైనా ఇదే మన కోరిక. రెండు, బడి గేటు ముందు ఫుట్‌పాత్ ఎత్తుకు సమానంగా లేపిన జీబ్రా క్రాసింగ్. మూడు, గల్లీ మలుపులలో వాహనం దూసుకురాకుండా మూలలను కుదించడం. నాలుగు, కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్లకు మించని ఎత్తు గల ఫుట్‌పాత్, దాని పక్కన వ్యాపారులకు గుర్తించిన స్థలం. ఐదు, ఏ వీధిని వెడల్పు చేయాలన్నా ముందు నెమ్మదింపు చర్యలు అమలు చేసి చూడడం, బస్తీవాసులతో బహిరంగ సంప్రదింపు జరపడం.

మాలో కొందరం ప్రభుత్వ కార్యాలయాలలో ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపినవాళ్ళము. ఆ అనుభవంతో చెబుతున్నాము. పది సమస్యలు కలిపి రాసిన అర్జీ పది బల్లలు తిరిగి ఎక్కడా ఆగదు. ఒక అర్జీలో ఒకే వీధి, ఒకే కోరిక ఉండాలి. బడి ఎక్కడ, మలుపు ఎక్కడ, పిల్లలు ఎక్కడ దాటుతారో చేతితో గీసిన పటం జత చేయాలి. ఫోటోలు పెట్టాలి. తల్లుల సంతకాలు ముందుండాలి. నగరపాలక సంస్థకు ఇచ్చిన ప్రతిని ట్రాఫిక్ పోలీసు అధికారికి కూడా పంపాలి. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర లేకుండా కౌంటరు నుంచి కదలకూడదు. నెల గడిచినా కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ఆ అర్జీ ఎవరి వద్ద ఉన్నదో, ఏ చర్య తీసుకున్నారో అడగాలి. 30 రోజులలో సమాధానం ఇవ్వడం వారి విధి. కోపంతో చేసే ధర్నా ఒక్క సాయంత్రంతో ముగుస్తుంది. నంబరు పడిన కాగితాన్ని వెంబడిస్తే దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పవలసిందే.

ఈ నెలలో ప్రతి మస్జిద్ కమిటీ ఒక్క పని చేయాలని మా విన్నపం. బడి వదిలే వేళకు ఐదుగురు వెళ్ళి మీ వీధిలో అరగంట నిలబడండి. వారిలో ఇద్దరు స్త్రీలు, ఒక వృద్ధుడు తప్పక ఉండాలి. ఎక్కడ పిల్లలు ఆగిపోతున్నారో, ఎక్కడ పరుగెత్తవలసి వస్తున్నదో రాసుకోండి. పక్కనున్న హిందూ, క్రైస్తవ సోదరులను కూడా వెంట తీసుకువెళ్ళండి, వారి పిల్లలూ అదే రోడ్డు దాటుతున్నారు. ఆ కాగితాలు తీసుకొని వచ్చే నెల మొదటి ఆదివారం ఇక్కడికే రండి. అర్జీలు రాయడానికి మేము కాగితం, కలంతో సిద్ధంగా ఉంటాము.

అల్లాహ్ మన బిడ్డలను కాపాడుగాక, వారి కోసం శ్రమించే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.